కాన్నేలో గెలిచాక హానిబల్ రోమ్ మీదికి ఎందుకు వెళ్లలేదు? రోమన్ సైన్యం గురించి చదివేవాళ్లు చెప్పండి

అక్విలా:

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. చదివేది లెక్కలే అయినా మనసంతా రోమన్ చరిత్ర మీదే, అందులోనూ సైన్యం మీద. హాస్టల్లో ఈ విషయాలు మాట్లాడదామంటే వినేవాళ్లు లేరు. ఇక్కడ బాగా చదివినవాళ్లు ఉన్నారని రాస్తున్నాను.

నన్ను పట్టుకుని వదలనిది కాన్నే యుద్ధం. రోమ్‌కీ, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కీ మధ్య జరిగింది, కార్తేజ్ సేనాని హానిబల్. క్రీ.పూ. 216 ఆగస్టు 2, దక్షిణ ఇటలీలో ఔఫిడస్ నది ఒడ్డున. గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ లెక్కలో రోమన్ల కాల్బలం 80,000, రౌతులు 6,000కి పైన. హానిబల్ కాల్బలం 40,000కి కాస్త పైన, రౌతులు 10,000. తక్కువమంది ఎక్కువమందిని నాలుగు వైపులా మూసేశారు!

నాకు అర్థమైనంతలో జరిగింది ఇది. హానిబల్ తన గాల్, స్పానిష్ సైనికుల్ని మధ్యలో పెట్టి, ఆ వరసని శత్రువు వైపు ఉబ్బెత్తుగా నెలవంకలా నిలబెట్టాడు. రెండు కొసల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన కాల్బలం. అంతకుముందు యుద్ధాల్లో రోమన్ల దగ్గర గుంజుకున్న ఆయుధాలే వాళ్ల చేతుల్లో ఉన్నాయి. రోమన్లు తమ వరసల వెడల్పు తగ్గించి లోతు పెంచారు, ఒక్క తోపులో మధ్యభాగాన్ని చీల్చేద్దామని. మధ్యభాగం వెనక్కి జరిగింది కానీ వెంటనే చెదిరిపోలేదు. రోమన్లు తోసుకుంటూ లోపలికి వెళ్లేకొద్దీ ఆఫ్రికన్లు వాళ్లకి రెండు పక్కలా మిగిలారు. అప్పుడు లోపలి వైపు తిరిగారు.

అన్నిటికంటే నాకు గొప్పగా అనిపించేది హానిబల్ వైపు హస్ద్రుబాల్ నడిపిన రౌతుల దళం. నది పక్కనున్న రోమన్ రౌతుల్ని తుడిచిపెట్టి అవతలి కొసకి వెళ్లారు. వీళ్లు వస్తుండగానే రోమ్ మిత్రుల రౌతులు పారిపోయారు. వాళ్లని తరిమే పని హానిబల్ సైన్యంలోని ఉత్తర ఆఫ్రికా రౌతులైన నుమిడియన్లకి వదిలేసి, హస్ద్రుబాల్ తన దళాన్ని తిప్పి రోమన్ కాల్బలం వెన్ను మీద పడ్డాడు. గెలిచిన ఊపులో ఉన్న రౌతులు పరిగెత్తేవాడి వెంట పడకుండా ఆగి, చెప్పిన చోటికి మళ్లారంటే వాళ్లకి ఎంత శిక్షణ ఉండాలి!

రెండు ప్రశ్నలు. ఒకటి, ఇంత గెలిచాక నేరుగా రోమ్ మీదికి ఎందుకు వెళ్లలేదు? రెండు, నేను ఇప్పటిదాకా చదివినవి వ్యాసాలు, చూసినవి వీడియోలు. ఇకనుంచి పద్ధతిగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణాతీరం:

చాలా బాగా రాశావు తమ్ముడూ. చదువుతుంటే పద్మవ్యూహం గుర్తొచ్చింది.

సుబేదార్_రిటైర్డ్:

పద్మవ్యూహంలోకి అభిమన్యుడు ఒక్కడే చొచ్చుకుపోయాడు, వెనకవాళ్లని జయద్రథుడు ఆపేశాడు. ఇక్కడ సైన్యం మొత్తం లోపలే ఉంది. అదే ప్రమాదమైంది. మధ్యలో ఇరుక్కున్నవాడికి కత్తి ఎత్తే జాగా ఉండదు, తన వంతు వచ్చేదాకా నిలబడి ఉండాలి. సంఖ్య ఎక్కువైన కొద్దీ అక్కడ కష్టం పెరుగుతుంది.

బాబూ అక్విలా, నేను సైన్యంలో సరఫరా విభాగంలో పనిచేసి వచ్చినవాణ్ని. నీ పోస్టులో వ్యూహం అంతా ఉంది, తిండి మాట ఒక్కటి లేదు. అక్కడినుంచి చూడు, నీ మొదటి ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

పాలిబియస్ 6వ భాగంలో రోమన్ సైనికుడి రేషన్ రాశాడు. కాల్బలంలో ఒక్కొక్కడికి నెలకి మెడిమ్నస్ అనే గ్రీకు కొలతలో మూడింట రెండు వంతుల గోధుమలు. మన కొలతల్లో రోజుకి 800 నుంచి 900 గ్రాములు వేసుకో. 80,000 మందికి రోజుకి ఎంతవుతుందో నువ్వే గుణించు. అది గింజ మాత్రమే. రౌతుకి గోధుమలు వేరు, గుర్రానికి బార్లీ వేరు. వంటచెరకు, నీళ్లు, గడ్డి ఇంకా లెక్కలోకి రాలేదు. ఇంత సైన్యం ఒకే చోట రోజుల తరబడి కూర్చోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ యుద్ధం కాన్నేలోనే ఎందుకు జరిగింది? రోమన్లు దగ్గర్లోని కనూసియమ్ పట్టణం చుట్టుపక్కల పండిన ధాన్యాన్ని తెచ్చి కాన్నే కోటలో నిల్వ చేసుకున్నారు. హానిబల్ వెళ్లి ఆ కోటని పట్టుకున్నాడు. వాళ్ల బియ్యపు బస్తాల మీద వచ్చి కూర్చున్నట్టే. పాలిబియస్ ఈ మాట స్పష్టంగా చెప్పాడు. అక్కడున్న రోమన్ సేనానులు రోమ్‌కి కబుర్ల మీద కబుర్లు పంపారు, ఇక దగ్గరికి వెళ్తే యుద్ధం తప్పదని. నెలవంక తర్వాత సంగతి, ముందు గోదాము పోయింది.

చరిత్ర_అధ్యాపకురాలు:

సుబేదార్ గారు చెప్పింది బంగారం లాంటి మాట. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. అక్విలా, నీ రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

మూలాలతోనే మొదలుపెట్టు. పాలిబియస్ 3వ భాగంలో 107 నుంచి 118 వరకు అధ్యాయాలు కాన్నే. 6వ భాగంలో 19 నుంచి 42 వరకు రోమన్ సైన్యం ఎలా ఏర్పడుతుంది, శిబిరం ఎలా వేస్తారు, శిక్షలేమిటి. రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన 22వ భాగం కూడా పక్కన పెట్టుకో. పాత ఇంగ్లిషు అనువాదాలు లాకస్ కర్టియస్, పర్సియస్ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో అధ్యాయం ఒక పేజీ కూడా ఉండదు, భయపడక్కర్లేదు.

అయితే చదివేటప్పుడు ఒక ప్రశ్న పక్కనే పెట్టుకో: ఈయనకి ఈ సంగతి ఎవరు చెప్పారు? కాన్నేలో ఇద్దరు కాన్సుల్స్ (ఏడాదికి ఎన్నికయ్యే రోమ్ అధినేతలు, సైన్యాన్ని నడిపేదీ వాళ్లే) ఉన్నారు, పౌలస్, వారో. పౌలస్ చనిపోయాడు, వారో బతికి బయటపడ్డాడు. పాలిబియస్ కథలో పౌలస్ జాగ్రత్తపరుడు, వీరుడు. వారో తొందరపాటు మనిషి, ఆ రోజు సేనాధిపత్యం అతనిదే. ఇప్పుడు పాలిబియస్ ఎవరో చూడు. గ్రీసు నుంచి క్రీ.పూ. 167లో రోమ్‌కి బందీగా వచ్చాడు, అక్కడ స్కిపియో ఎమిలియానస్‌కి ఆప్తుడయ్యాడు. ఆ స్కిపియో ఎవరి మనవడు? కాన్నేలో చనిపోయిన పౌలస్‌కి సొంత మనవడు. ఆ ఇంట్లో కూర్చుని విన్న కథలో తప్పు ఎవరి మీద పడుతుంది?

ఓడి తిరిగొచ్చిన వారోకి రోమ్ జనం ఎదురెళ్లి, గణతంత్రం మీద ఆశ వదులుకోనందుకు కృతజ్ఞతలు చెప్పారని లివీ రాశాడు. తర్వాత కూడా అతనికి సైన్యాలు అప్పగించారు. నిజంగా అంత చేతకానివాడైతే మళ్లీ ఎందుకిస్తారు? పాలిబియస్‌ని కొట్టిపారేయమని కాదు. ఆయన లేకపోతే మనకి చాలా విషయాలు తెలిసేవే కావు. దక్షిణ ఇటలీలో లాసినియమ్ దగ్గర హానిబల్ స్వయంగా చెక్కించిన కంచు ఫలకాన్ని ఆయన చూశాడు. ఆల్ప్స్ దాటి దిగేటప్పటికి మిగిలింది 12,000 మంది ఆఫ్రికన్లు, 8,000 మంది స్పానిష్ కాల్బలం, రౌతులు 6,000కి మించరు అన్న లెక్క ఆయన అక్కడ చూసి రాసుకున్నదే. చరిత్రకారుడు శత్రువు శాసనం దగ్గరకి నడిచి వెళ్లి చూసి రాయడం నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నుమిడియా:

మీ ఇద్దరితో నాకు పేచీ ఉంది. తిండి, మూలాలు సరే, అసలు అవకాశం పోగొట్టుకున్నాడా లేదా? హానిబల్ రౌతుల నాయకుడు మహర్బల్ చెప్పాడు కదా, రౌతులతో నేను ముందు వెళ్తాను, ఐదో రోజు నువ్వు రోమ్‌లోని కాపిటల్ కొండ మీద విందు చేస్తావు అని. హానిబల్ ఆలోచించాలి అన్నాడు. గెలవడం తెలుసు నీకు, గెలుపుని వాడుకోవడం తెలియదు అన్నాడు మహర్బల్. ఆ ఒక్క రోజు ఆలస్యమే రోమ్‌ని కాపాడిందని లివీ కూడా అంటాడు. సెనేట్ సభ్యులు 80 మంది చనిపోయారు, నగరంలో ఏడుపులు. ఆ గందరగోళంలో వెళ్లి ఉంటే తలుపు తెరిచేవాళ్లేమో. యుద్ధంలో టైమింగే ముఖ్యం.

సుబేదార్_రిటైర్డ్:

నుమిడియా గారూ, కాన్నే నుంచి రోమ్‌కి దారి వెంట సుమారు 400 కిలోమీటర్లు. యుద్ధం అయిన మర్నాడు ఏ సైన్యమైనా బయల్దేరే స్థితిలో ఉండదు. గాయపడ్డవాళ్లున్నారు, బందీలు వేలల్లో ఉన్నారు, గుర్రాలు అలిసి ఉన్నాయి. హానిబల్ వైపు చనిపోయినవాళ్లు పాలిబియస్ లెక్కలో 5,700, లివీ లెక్కలో 8,000. పగలంతా కత్తి తిప్పిన సైన్యం అది.

సరే, మూడు వారాలకి చేరాడనుకుందాం. రోమ్‌కి రాతి గోడ ఉంది. హానిబల్ స్పెయిన్‌లో సగుంటమ్ అనే ఒక్క పట్టణాన్ని పట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, అదీ తన సొంత స్థావరాలు దగ్గర్లో ఉండగా. ఇక్కడ ముట్టడి యంత్రాలు లేవు. గోడ బయట ఎనిమిది నెలలు కూర్చుంటే ఆ గుర్రాలకి బార్లీ ఎక్కడిది? రోమ్ కూడా ఊరుకోలేదు. రోమ్ రేవు ఓస్టియాలో ఓడల కోసం ఉంచిన 1,500 మందిని రోమన్ సేనాని మార్సెల్లస్ వెంటనే నగరానికి పంపాడు. ప్రభుత్వమే 8,000 మంది బానిసల్ని కొని సైన్యంలో చేర్చుకుంది. తలుపు తెరిచే జనం కాదు వాళ్లు.

నుమిడియా:

సగుంటమ్ సంగతి నేను ఆలోచించలేదు, బలమైన పాయింటే. కానీ ఆ భయాన్ని వాడుకోవడానికి రౌతుల్ని అయినా పంపాల్సింది అని ఇప్పటికీ అంటాను.

చరిత్ర_అధ్యాపకురాలు:

హానిబల్ దేనికోసం యుద్ధం చేస్తున్నాడన్న ప్రశ్న కూడా ఉంది. రోమ్‌ని నేలమట్టం చేయడం అతని లక్ష్యమని మనమే అనుకుంటున్నాం. కాన్నే తర్వాత కార్తలో అనే దూతని పంపాడు, రోమ్ సంధి కోరుకుంటుందేమో చూసి షరతులు చెప్పమని. అతన్ని నగరంలోకి రానివ్వలేదు. బందీల్ని డబ్బిచ్చి విడిపించుకోవడానికి కూడా సెనేట్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్‌తో హానిబల్ చేసుకున్న ఒప్పందం పాఠం పాలిబియస్ 7వ భాగంలో ఉంది. యుద్ధం ముగిశాక రోమన్లతో సంధి ఎలా చేసుకోవాలి, వాళ్లు మళ్లీ దాడికొస్తే ఏం చేయాలి అని అందులో రాసుకున్నారు. అంటే గెలిచాక కూడా రోమ్ ఉంటుందనే అతని ఊహ. దాని మిత్రరాజ్యాల్ని విడగొట్టి చిన్న రాజ్యంగా మిగల్చాలనుకున్నాడు. ఇటలీలోని పెద్ద నగరం కాపువా వచ్చి చేరింది, దక్షిణాన చాలామంది చేరారు. లాటిన్ నగరాలు మాత్రం కదల్లేదు. అతని లెక్క అక్కడ తప్పింది.

క్రీ.పూ. 211లో కాపువాని రోమన్లు ముట్టడిస్తుంటే వాళ్లని అక్కడినుంచి లాగడానికి రోమ్ గోడల దాకా వచ్చాడు కూడా. అతను గుడారం వేసిన నేల అదే సమయంలో రోమ్‌లో అమ్మకానికి వస్తే ధర తగ్గకుండా అమ్ముడుపోయిందని లివీ ఒక కథ చెప్తాడు. కథే అనుకుందాం, ఆ నగరం తన గురించి తాను ఏం చెప్పుకోవాలనుకుందో అందులో తెలుస్తుంది.

అక్విలా:

ఈ థ్రెడ్ రెండు రోజులుగా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. మేడమ్ చెప్పిన అధ్యాయాలు మొదలుపెట్టాను. సుబేదార్ సర్, గుణించాను. రోజుకి 64 నుంచి 72 టన్నులు. కంచర గాడిద 120 కిలోలు మోస్తుందనుకుంటే ఒక్క రోజు గింజకే 530 నుంచి 600 గాడిదలు. ఈ లెక్క వేశాక కాన్నే కోట అంటే ఏమిటో అర్థమైంది.

ఇంకో లెక్క కూడా వేశాను. చనిపోయిన రోమన్ కాల్బలం సుమారు 70,000, తప్పించుకున్నవాళ్లు బహుశా 3,000 అంటాడు పాలిబియస్. లివీ చనిపోయినవాళ్లు 45,500 మంది కాల్బలం, 2,700 మంది రౌతులు అంటాడు. తర్వాత బతికినవాళ్లతో రెండు లీజియన్లు (ఒక్కొక్కటి నాలుగైదు వేల మంది ఉండే రోమన్ దళం) కట్టారని లివీలోనే ఉంది. 3,000 మందితో రెండు లీజియన్లు కాలేవు కదా? అందుకని ఈ ఒక్క విషయంలో లివీ అంకె నిజానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తోంది. స్టాటిస్టిక్స్ ఇలా పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు, భలే సంతోషంగా ఉంది.

చరిత్ర_అధ్యాపకురాలు:

నీ తర్కం సరైనది. ఆధునిక చరిత్రకారుల్లో చాలామంది కూడా ఈ విషయంలో లివీ వైపే మొగ్గుతారు. ఆ దారిలో నువ్వంతట నువ్వే రావడం నాకు చాలా ఆనందం.

టైన్_తీరం:

నేను న్యూకాసిల్‌లో ఉంటాను. అక్విలా, యుద్ధాలతో పాటు యుద్ధం లేని రోజుల్లో సైన్యం ఎలా ఉండేదో కూడా చూడు. మా ఊరికి పడమట, హాడ్రియన్ గోడకి దగ్గర్లో విండోలాండా అనే కోట ఉంది. 1973లో అక్కడ తడిమట్టిలోంచి పల్చటి చెక్కరేకులు బయటపడ్డాయి, సిరాతో రాసిన ఉత్తరాలు, లెక్కలు. కాన్నేకి 300 ఏళ్ల తర్వాతివి, అప్పటికి జీతాల సైన్యం.

ఒక రేకు మీద మొదటి టుంగ్రియన్ దళం బలం లెక్క ఉంది, తేదీ మే 18. మొత్తం 752 మంది. అందులో కోటలో లేనివాళ్లు 456. ఒక్క కోరియా అనే మరో స్థావరంలోనే 337 మంది, గవర్నరు కాపలాకి 46 మంది. కోటలో మిగిలింది 296. ఆరుగురు సెంచూరియన్లలో (చిన్న దళాల నాయకుల్లో) ఒక్కడే ఉన్నాడు. ఆ 296లో జబ్బుపడ్డవాళ్లు 15, గాయాలు 6, కళ్ల మంటతో 10. డ్యూటీకి పనికొచ్చేవాళ్లు 265. కాగితం మీద 752, చేతిలో 265!

ఇంకో ఉత్తరంలో ఎవరో ఎవరికో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపినట్టు రాశారు. ఇక్కడి చలిలో నిలబడి ఆ ఉత్తరం చదివితే ఆ సైనికుడు మన పక్కింటివాడే అనిపిస్తాడు.

సుబేదార్_రిటైర్డ్:

752లో 265. మా యూనిట్‌లో రోజూ పొద్దున తయారుచేసే పరేడ్ స్టేట్ ఇదే! సెలవులో ఎవరు, సిక్ రిపోర్టులో ఎవరు, వేరే డ్యూటీలో ఎవరు. ఈ వివరం ఇచ్చినందుకు టైన్_తీరం గారికి నమస్కారం.

అక్విలా, పాలిబియస్‌లో రాత్రి కాపలా గురించి కూడా చదువు, 6వ భాగం 35 నుంచి 37. ప్రతి కాపలా స్థలానికీ గుర్తున్న చిన్న పలక ఇస్తారు. రాత్రి గస్తీ తిరిగే రౌతు ఒక్కో చోటికీ వెళ్లి, మెలకువగా ఉన్నవాడి దగ్గర పలక తీసుకుంటాడు. నిద్రపోతుంటే తీసుకోడు, తనతో వచ్చినవాళ్లని సాక్ష్యం పెట్టుకుని ముందుకి వెళ్లిపోతాడు. తెల్లారాక పలకలు లెక్కపెడితే తగ్గినది ఏ స్థలానిదో దానంతట అదే బయటపడుతుంది. దొరికినవాడికి శిక్ష, శిబిరమంతా కలిసి కర్రలతో, రాళ్లతో కొట్టడం. కఠినం, కానీ ఆ పద్ధతిలో అబద్ధానికి చోటు తక్కువ.

పాతనాణెం:

జీతం మాట వచ్చింది కాబట్టి. ఇప్పటి ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో గాయస్ మెస్సియస్ అనే సైనికుడి జీతం రసీదు పపైరస్ మీద దొరికింది, క్రీ.శ. 70లలోది. ఒక విడత జీతం 50 దినారియస్‌లు. కోతలు: బార్లీకి 16, తిండికి 20, బూట్లకి 5, తోలు పట్టీలకి 2, నార చొక్కాకి 7. కూడితే సరిగ్గా 50. చేతికి ఏమీ రాలేదు.

అదే దినారియస్ మన నేలలోనూ ఉంది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకి పైగా రోమన్ వెండి నాణేల కుప్ప దొరికింది, ఎక్కువ భాగం ఆగస్టస్, టిబీరియస్ కాలానివి. ఇవి సైనికులు తెచ్చినవి కావు, వ్యాపారంలో వచ్చినవి. మచిలీపట్నం వైపు తీరాన్ని మసాలియా అని, అక్కడ సన్నబట్ట విరివిగా నేస్తారని ఒక గ్రీకు నావికుడి పుస్తకం చెప్తుంది. నాణేల్ని ముట్టుకుని చదివే చరిత్ర వేరుగా ఉంటుంది అక్విలా, మ్యూజియంలో నాణేల గది వదలకు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

మా పెద్దవాడు ఇంటర్, వాడికీ ఇదే ఆసక్తి. తిట్టాలో ప్రోత్సహించాలో తెలియక టెన్షన్ పడుతున్నాను. దీంతో బతుకుతెరువు ఉంటుందా?

చరిత్ర_అధ్యాపకురాలు:

అమ్మా, తిట్టకండి. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ, అది ముందే వాడికి చెప్పండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎంఏ ఉంది, పుణె డెక్కన్ కాలేజీలో పురావస్తుశాస్త్రం ఉంది. తవ్వకాల్లో దొరికినవాటిని లెక్కగట్టడానికి స్టాటిస్టిక్స్, మ్యాపులకి కంప్యూటర్ వచ్చినవాళ్ల అవసరం ఉంది. వేరే ఉద్యోగం చేస్తూ జీవితాంతం చదువుకునేవాళ్లూ ఉన్నారు. ముందు వాడు ఏం చదువుతున్నాడో ఒక పూట కూర్చుని వినండి.

అక్విలా:

ఇంకొక్క ప్రశ్న. ఆ రెండు లీజియన్లు ఏమయ్యాయి? కాన్నేలో బతికినవాళ్లు. వాళ్ల గురించి తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాద్దామనుకుంటున్నాను.

చరిత్ర_అధ్యాపకురాలు:

రాయి. తప్పకుండా రాయి. వాళ్లని సిసిలీకి పంపేశారు. ఓడి బతకడమే నేరమన్నట్టు, యుద్ధం ఇటలీలో ఉన్నంతకాలం తిరిగి రాకూడదన్నారు. క్రీ.పూ. 212 ప్రాంతంలో వాళ్లు మార్సెల్లస్ దగ్గరకి వెళ్లి మొరపెట్టుకున్నారని లివీ 25వ భాగంలో ఉంది: మమ్మల్ని మళ్లీ యుద్ధంలో నిలబెట్టండి, మాతోపాటు పారిపోయిన పెద్దింటివాళ్లకి పదవులిచ్చారు కదా అని. మార్సెల్లస్ సెనేట్‌కి రాశాడు. కావాలంటే వాడుకో, కానీ వాళ్లలో ఎవరికీ పతకాలు ఇవ్వకూడదు, ఇటలీకి రానివ్వకూడదు అని జవాబొచ్చింది.

చివరికి వాళ్లని ఆఫ్రికాకి తీసుకెళ్లింది స్కిపియో ఆఫ్రికానస్ (ఇందాక చెప్పిన ఎమిలియానస్ వేరు). కాన్నే రోజు అతను కూడా కనూసియమ్ చేరిన యువ అధికారి, వాళ్లు పిరికితనంతో ఓడలేదని ఎరిగినవాడు. క్రీ.పూ. 202లో ఆఫ్రికాలో జామా దగ్గర హానిబల్ ఎదురుగా నిలబడ్డ సైన్యంలో ఆ లీజియన్లున్నాయి. ఆ రోజు కూడా తీర్పు చెప్పింది వెనకనుంచి తిరిగొచ్చిన రౌతులే, ఈసారి రోమ్ వైపు లీలియస్, నుమిడియా రాజు మసినిస్సా దళాలు.

సుబేదార్_రిటైర్డ్:

వ్యాసం రాసేటప్పుడు సిసిలీలో అన్నేళ్లు వాళ్లకి రేషన్ ఎవరిచ్చారో కూడా వెతుకు. సిసిలీ రోమ్‌కి ధాన్యం పంపే ద్వీపం. అక్కడినుంచి మొదలుపెట్టు.

అక్విలా:

లివీ 25వ భాగం డౌన్‌లోడ్ చేశాను సర్. సెలవుల్లో రాసి డ్రాఫ్ట్ ఇక్కడే పెడతాను, మీరంతా తప్పులు చెప్పాలి.